కలయిక తర్వాత వదలని గొంతు నొప్పి

కొత్త వ్యక్తితో లైంగిక కలయిక జరిగిన కొన్నాళ్ళకు గొంతు నొప్పి మొదలై వారాల తరబడి తగ్గకపోవడం, అది హెచ్‌ఐవీయో మరో సుఖవ్యాధో అయి ఉంటుందని మనిషి లోలోపల కుమిలిపోవడం వైద్యులకు బాగా తెలిసిన సమస్య. దీనికంటూ విడిగా ఒక జబ్బు పేరు లేదు. గొంతులో నిజంగా ఏముందన్నది ఒక ప్రశ్న, మనసులో ఏం నడుస్తోందన్నది ఇంకో ప్రశ్న. వచ్చే మనిషి ఈ రెంటినీ కలిపేసుకుని వస్తాడు, డాక్టరు విడదీయాలి. మొదటిదానికి పరీక్షలున్నాయి, జవాబు కొన్ని వారాల్లో తేలిపోతుంది. రెండోది ఒక్కోసారి పరీక్ష కాగితం చేతికొచ్చాక కూడా తేలదు.

ముందే చెప్పుకోవలసిన మాట ఒకటుంది. సుఖవ్యాధి సోకిందా లేదా అన్నది గొంతు నొప్పిని బట్టి చెప్పలేం. గొంతులో గనేరియా క్రిమి చేరినవారిలో ఎక్కువమందికి నొప్పే ఉండదు. నొప్పితో వచ్చేవారిలో ఎక్కువమందికి ఆ క్రిమి ఉండదు. ఏం జరిగింది, ఏ తేదీన జరిగింది, ఆ తర్వాత ఎన్నో రోజున పరీక్ష చేయించారు అన్నవే విషయాన్ని తేలుస్తాయి.

రామన్నపేట వైపు పరిస్థితి

ఈ సమస్య మన ఊళ్ళలో ఎలా నడుస్తుందో రామన్నపేటను చూస్తే తెలుస్తుంది. 2016 అక్టోబరులో జిల్లాలు మారేదాకా నల్గొండలో ఉన్న రామన్నపేట ఇప్పుడు యాదాద్రి భువనగిరి జిల్లాలో మండల కేంద్రం. బీబీనగర్–నడికుడి రైలు మార్గం మీద స్టేషను ఉంది. వెల్లంకి, సిరిపురం లాంటి చేనేత ఊళ్ళు ఈ మండలంలోనివే. చదువుకనో, డ్రైవింగుకనో, కంపెనీ పనికనో చౌటుప్పల్‌లోనూ హైదరాబాద్‌లోనూ గదులు తీసుకుని ఉండే పిల్లలు బతుకమ్మకో సంక్రాంతికో ఊరికొస్తారు.

ఇలాంటి చోట గొంతు నొస్తుందని చెప్పడం సులువే. ఎందుకు భయపడుతున్నావంటే చెప్పడమే కష్టం. మందుల దుకాణం అతను తెలిసినవాడు. ఆరెంపీ నాయనకు దోస్తు. ఆశా కార్యకర్త వరసకు వదినో చిన్నమ్మో అవుతుంది. అందుకని అసలు సంగతి కడుపులో దాచుకుని, "గొంతు పట్టింది, రెండు గోలీలియ్యి" అని అడుగుతారు. అజిత్రోమైసిన్ గోలీలు చేతిలో పడతాయి, కొన్నిచోట్ల డెక్సా ఇంజెక్షన్ కూడా వేస్తారు. అది స్టెరాయిడ్ కాబట్టి రెండు రోజులు నొప్పి కనపడదు. మళ్ళీ వచ్చేసరికి, మందులకు కూడా లొంగలేదంటే ఇది అదే అయి ఉంటుందన్న అనుమానం బలపడుతుంది. కొందరు వైడల్ పరీక్ష దాకా పోయి, టైఫాయిడ్ ఉందనిపించుకుని, సెలైన్లు ఎక్కించుకుని తిరిగొస్తారు. గొంతు మాత్రం అలాగే ఉంటుంది.

ఆడవాళ్ళకు ఈ పాటి దారి కూడా లేదు. పట్నంలో ఉండే భర్త మీద అనుమానం ఉన్నా ఆ మాట ఇంట్లో ఎత్తలేరు. తెల్లబట్ట అవుతోందనో ఒళ్ళు వేడి చేసిందనో చెప్పి డాక్టరు దగ్గరికి వెళ్తారు. మూత్రంలో మంట పుడితే ఇంట్లో సబ్జా నీళ్ళు, బార్లీ తాగి చల్లబడుతుందని చూస్తారు. మంట నిజంగానే తగ్గవచ్చు, వ్యాధి ఉన్నట్టయితే అది మాత్రం లోపలే ఉండిపోతుంది.

హెచ్‌ఐవీ అన్న భయానికి తెలుగునాట ఒక చరిత్ర ఉంది. మన దేశంలో హెచ్‌ఐవీ మొదట 1986లో చెన్నైలో బయటపడింది. రెండు దశాబ్దాలు తిరిగేసరికి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ దేశంలో ఎక్కువ కేసులున్న రాష్ట్రాల్లో ఒకటైంది. 2005–06 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే 15–49 ఏళ్ళవారిలో దేశమంతటా 0.28 శాతం మందికి హెచ్‌ఐవీ ఉందని లెక్కగడితే, ఉమ్మడి రాష్ట్రంలో అది 0.97 శాతంగా తేలింది. ఆ రోజుల్లోనే ఎయిడ్స్ నివారణ ప్రచారంలో భాగంగా గోడల మీదా హోర్డింగుల మీదా "పులిరాజాకు ఎయిడ్స్ వస్తుందా?" అన్న ప్రశ్న వెలసింది. ఆ పేరు ఊరూరా ఎగతాళి మాట అయిపోయింది. ప్రచారంగా అది గెలిచిందనే చెప్పాలి, కండోమ్ గురించి నలుగురిలో మాట్లాడుకునేలా చేసింది. అయితే అది భయాన్ని నేర్పినంత బాగా పరీక్ష ఎన్నో రోజున చేయించుకోవాలో నేర్పలేదు. ఆ లోటును కొంత తీర్చింది స్వాతి వారపత్రికలో డాక్టర్ జి. సమరం నడిపిన ప్రశ్నోత్తరాల శీర్షిక. ఇంట్లో పెద్దలకు తెలియకుండా దాన్ని చదివిన తరమే ఒకటి ఉంది.

తర్వాత లెక్కలు బాగా తగ్గాయి. 2021 అంచనాల ప్రకారం తెలంగాణలో వయోజనుల్లో హెచ్‌ఐవీ ఉన్నవారు 0.47 శాతం, దేశం మొత్తం మీద 0.21 శాతం. భయం మాత్రం ఆ నిష్పత్తిలో తగ్గలేదు.

హెచ్‌ఐవీ తొలి దశలో గొంతు

భయపడేవారు చెప్పేది పూర్తిగా కల్పన కాదు. హెచ్‌ఐవీ ఒంట్లో చేరిన 2 నుంచి 4 వారాల మధ్య చాలామందికి ఫ్లూ లాంటి జ్వరం వస్తుంది, అందులో గొంతు నొప్పి కూడా ఒక భాగం. కానీ అది ఒంటరిగా రావడం అరుదు. జ్వరం, ఒళ్ళు నొప్పులు, మెడలోనూ చంకల్లోనూ బిళ్ళలు, ఛాతీ మీదా వీపు మీదా ఎర్రటి దద్దు, నోటిలో పుండ్లు, విపరీతమైన నీరసం – వీటిలో కొన్ని కలిసి వస్తాయి. ముక్కు కారడం, తుమ్ములు దీనిలో సాధారణంగా ఉండవు. ఇదంతా ఎక్కువమందిలో ఒకటి రెండు వారాల్లో దానంతటదే సర్దుకుంటుంది. కలయిక జరిగిన మర్నాడే మొదలైన గొంతు నొప్పికీ, జ్వరమూ గిరమూ లేకుండా మూడు నెలలుగా గరగరలాడుతున్న గొంతుకూ ఈ దశతో సంబంధం ఉండే అవకాశం చాలా తక్కువ. అలాగని ఈ లక్షణాలేవీ రాలేదు కదా అని హెచ్‌ఐవీ లేదనుకోవడానికీ లేదు. లక్షణాలు ఉన్నా లేకపోయినా ఆధారపడవలసింది పరీక్ష మీదే.

ఏ రకం కలయికలో ఎంత ప్రమాదం అన్నది కూడా తెలిసి ఉండాలి. మందులు వాడని హెచ్‌ఐవీ రోగితో కండోమ్ లేకుండా యోనిలో జరిగే కలయికలో, సగటున 10,000 సార్లకు పురుషుడికి 4 సార్లు, స్త్రీకి 8 సార్లు సోకుతుందని అంచనా. మలద్వారం ద్వారా స్వీకరించే వ్యక్తికి ఈ సంఖ్య 138. నోటి ద్వారా అయితే లెక్కకు అందనంత తక్కువ. ముద్దు వల్లా, ఒకే గ్లాసులో తాగడం వల్లా హెచ్‌ఐవీ రాదు. ఇవన్నీ ఎదుటి వ్యక్తికి హెచ్‌ఐవీ ఉందన్న లెక్కతో చెప్పినవి. సక్రమంగా మందులు వాడుతూ రక్తంలో వైరస్ పట్టుబడనంతగా తగ్గినవారి నుంచి లైంగికంగా సోకదు.

గనేరియా: నొప్పి తెలియని గొంతు

గొంతు సంగతి నిజంగా పట్టించుకోవలసిన సుఖవ్యాధి గనేరియా. పాతవాళ్ళు సెగరోగం అంటారు. దీనికి కారణమైన క్రిమిని 1879లో జర్మన్ వైద్యుడు ఆల్బర్ట్ నైసర్ గుర్తించాడు. మూత్రనాళంలో చేరితే మగవారిలో సాధారణంగా వారం లోపే చీము, మంట కనిపిస్తాయి. గొంతులో చేరితే మాత్రం ఎక్కువమందికి ఏమీ తెలియదు, కొద్దిమందికే నొప్పి, ఎర్రదనం, మెడలో బిళ్ళలు ఉంటాయి. నోటి ద్వారా జరిగే కలయికలో ఇది గొంతుకు చేరుతుంది. గాఢమైన ముద్దుల వల్ల కూడా గొంతు నుంచి గొంతుకు పాకవచ్చని మెల్‌బోర్న్ పరిశోధకులు 2019లో సూచించారు. మౌత్‌వాష్ పుక్కిలిస్తే పోతుందన్న ఆశ తర్వాతి ప్రయోగాల్లో నిలవలేదు.

ఈ క్రిమికి గొంతు ఒక శిక్షణాలయం లాంటిది. మన గొంతులో గనేరియా క్రిమికి చుట్టాలైన, హాని చేయని నైసేరియా జాతులు ఎప్పుడూ ఉంటాయి. వేరే ఏవో జబ్బులకు మనం మింగిన యాంటీబయాటిక్‌లను తట్టుకోవడం అవి నేర్చి ఉంటాయి. గనేరియా క్రిమి వాటి పక్కన చేరి ఆ జన్యువులను తెచ్చుకుంటుంది. సెఫ్ట్రియాక్సోన్‌కు గట్టిగా ఎదురుతిరిగిన హెచ్041 అనే రకం 2009లో జపాన్‌లోని క్యోటోలో దొరికింది గొంతులోనే. 2018లో బ్రిటన్‌లో ఆగ్నేయాసియా నుంచి వ్యాధి తెచ్చుకున్న ఒకతనిలో దొరికిన క్రిమి సెఫ్ట్రియాక్సోన్, అజిత్రోమైసిన్ రెండింటికీ ఎదురుతిరిగింది. సెఫ్ట్రియాక్సోన్, డాక్సీసైక్లిన్ ఇచ్చినా గొంతులో అది చావలేదు, ఎర్టాపెనెమ్ అనే మరో మందు ఎక్కించాల్సి వచ్చింది. రామన్నపేట దుకాణంలో జలుబుకు కొని సగంలో ఆపేసిన అజిత్రోమైసిన్‌కూ ఈ కథకూ సంబంధం ఉంది. కొనే మనిషికి ఆ సంగతి ఎవరూ చెప్పరు.

గొంతులోని గనేరియాకు ఇప్పుడు నమ్మదగిన చికిత్స కండకు వేసే సెఫ్ట్రియాక్సోన్ ఇంజెక్షన్. అమెరికా మార్గదర్శకాల్లో 500 మిల్లీగ్రాములు ఒకే మోతాదు. క్లమీడియా అనే మరో సుఖవ్యాధి లేదని తేలకపోతే డాక్సీసైక్లిన్ కూడా కలుపుతారు. గొంతు విషయంలో ఒక అదనపు జాగ్రత్త ఉంది. చికిత్స తర్వాత 7 నుంచి 14 రోజుల మధ్య మళ్ళీ పరీక్షించి క్రిమి పోయిందని చూసుకోవాలి. భాగస్వామికి కూడా చికిత్స జరగాలి, లేకుంటే మళ్ళీ అక్కడి నుంచే వస్తుంది.

మన ప్రభుత్వ సురక్ష క్లినిక్‌లలో సుఖవ్యాధులకు రంగుల కిట్లు ఇస్తారు. మూత్రనాళం నుంచి చీము వస్తుంటే బూడిదరంగు కిట్, అందులో సెఫిక్సిమ్, అజిత్రోమైసిన్ ఉంటాయి. యోని స్రావానికి ఆకుపచ్చ, పుండుకు తెలుపు, ఇలా ఏడు. ప్రయోగశాల లేని చోట కూడా అదే రోజు చికిత్స అందించే ఈ పద్ధతి గ్రామాలకు మేలే చేసింది. అయితే ఏడింటిలో గొంతు కోసమంటూ విడిగా ఒకటి లేదు, సెఫిక్సిమ్ గొంతులో ఇంజెక్షన్ అంత బాగా పనిచేయదు. కాబట్టి నోటి ద్వారా కలయిక జరిగిందన్న మాట రోగి నోరు తెరిచి చెప్పాలి. అడిగే ఓపిక డాక్టరుకూ ఉండాలి. పురుషులతో కలిసే పురుషులకూ, ట్రాన్స్‌జెండర్లకూ ఇది మరీ ముఖ్యం.

మిగతా సుఖవ్యాధులు

సిఫిలిస్ తొలి పుండు సోకిన 10 నుంచి 90 రోజుల మధ్య పెదవి మీదో నాలుక మీదో టాన్సిల్ మీదో కూడా రావచ్చు. అది నొప్పి పెట్టదు. రెండో దశలో గొంతు నొప్పితో పాటు అరచేతుల్లో, అరికాళ్ళలో దద్దు కనిపిస్తే వెంటనే రక్తపరీక్ష చేయించాలి. తొలి దశల్లో 24 లక్షల యూనిట్ల బెంజథైన్ పెన్సిలిన్ ఒక్క మోతాదుతో నయమవుతుంది. హెర్పిస్ మొదటిసారి వచ్చినప్పుడు గొంతులో నొప్పిగల పుండ్లు లేవవచ్చు. క్లమీడియా గొంతులో సాధారణంగా చడీచప్పుడు చేయదు. హెచ్‌పీవీ వల్ల వచ్చే గొంతు క్యాన్సర్‌కు ఏళ్ళూ దశాబ్దాలూ పడుతుంది, మొన్నటి కలయికకూ ఇవాళ్టి నొప్పికీ అది వంతెన వేయలేదు.

ముద్దుతో వచ్చి వారాల తరబడి గొంతును పట్టుకునేది ఇంకొకటుంది, ఎప్‌స్టీన్–బార్ వైరస్. 1964లో గుర్తించారు. సోకిన నాలుగు నుంచి ఆరు వారాలకు గొంతు వాచి, మెడ బిళ్ళలు లేచి, జ్వరంతో పడుకోబెడుతుంది. చూడటానికి హెచ్‌ఐవీ తొలి దశలాగే ఉంటుంది కాబట్టి ఎంతోమందిని వణికించింది. ఎక్కువమందికి ఇది చిన్నతనంలోనే తెలియకుండా వచ్చి పోతుంది.

అద్దం ముందు

భయపడిన మనిషి మొదట చేసే పని ఫోన్ టార్చి వేసుకుని అద్దంలో గొంతు చూసుకోవడం. అంతకుముందు ఎప్పుడూ చూసి ఉండడు కాబట్టి కనిపించేదల్లా కొత్తగా, రోగంలా ఉంటుంది. నాలుక వెనక భాగంలో ఎనిమిది నుంచి పన్నెండు దాకా గుండ్రటి బొడిపెలు వరసగా ఉంటాయి. అవి రుచి మొగ్గలున్న మామూలు అవయవాలు, పుట్టినప్పటి నుంచీ ఉన్నవే. వాటిని పులిపిర్లనుకుని చర్మ వైద్యుల దగ్గరికి పరిగెత్తేవారున్నారు. కొండనాలుకకు అటూ ఇటూ ఉన్న టాన్సిళ్ళ గుంటల్లో తెల్లటి ముద్దలు కనిపిస్తే అవి చాలావరకు తిండి తునకలు, చచ్చిన కణాలు గట్టిపడిన టాన్సిల్ రాళ్ళు. కంపు కొడతాయి, అంతే. గొంతు వెనక గోడ మీద గులకరాళ్ళు పరిచినట్టు కనిపించేది అలర్జీతోనో ముక్కు నుంచి కఫం వెనక్కి జారడంతోనో ఉబ్బిన కణజాలం.

చూసుకోవడంతో ఆగదు. మాటిమాటికీ గుటక వేసి నొప్పి ఉందా అని పరీక్షిస్తారు, మెడలో బిళ్ళ ఉందా అని రోజూ నొక్కి చూసుకుంటారు. నొక్కిన చోట నొప్పి పుడుతుంది. ఎండిన గొంతుతో వందసార్లు గుటక వేస్తే కండరాలు పట్టేసి గొంతులో ఉండ అడ్డం పడినట్టు అనిపిస్తుంది. తిండి మింగేటప్పుడు ఏ ఇబ్బందీ ఉండదు, ఊరికే లాలాజలం మింగితేనే ఉండ తెలుస్తుంది. ఈ తేడా ఒక్కటి అడిగినా డాక్టరుకు సగం దారి దొరుకుతుంది.

తప్పు చేశానన్న భావం ఒంట్లో నొప్పిగా మారడం మన దేశపు మనోవైద్యులకు కొత్త కాదు. ధాతువు పోతోందని కుంగిపోయే యువకుల లక్షణాలకు 1960లో ఎన్.ఎన్. విగ్ ధాత్ సిండ్రోమ్ అని పేరు పెట్టారు. గొంతు భయం కూడా ఆ కోవలోదే. గుర్తు పట్టడానికి ఒక ఆనవాలు ఉంది: నెగెటివ్ కాగితం చూశాక రెండు రోజులు ఊరట, తర్వాత "ల్యాబ్ తప్పు చేసి ఉంటే?" అన్న అనుమానం, మళ్ళీ ఇంకో ల్యాబ్. ఈ చక్రంలో పడినవారికి మరో రక్తపరీక్ష వల్ల ఉపయోగం లేదు, మానసిక వైద్యుడి సాయం కావాలి. 2022 అక్టోబరులో మొదలైన టెలీ మానస్‌కు 14416 నంబరులో ఫోన్ చేసి తెలుగులో మాట్లాడవచ్చు.

మామూలు కారణాలు

మూడు వారాలు దాటిన గొంతు బాధకు అన్నిటికన్నా తరచుగా దొరికే కారణాలు చప్పగా ఉంటాయి. కడుపులోని ఆమ్లం రాత్రిపూట గొంతుదాకా ఎగదన్నడం ఒకటి. దీనికి ఛాతీలో మంట ఉండి తీరాలనేమీ లేదు, పొద్దున లేవగానే గరగర, గొంతు సవరించుకోవడం చాలు. కలయిక జరిగిన రాత్రి మందు తాగి ఉండటం, తర్వాత నిద్ర పట్టకపోవడం, టీలూ సిగరెట్లూ పెరగడం అన్నీ దానికి తోడవుతాయి. ముక్కు అలర్జీ రెండోది. పత్తి ఏరేటప్పుడూ, వడ్లు తూర్పారబట్టేటప్పుడూ, మగ్గాల దగ్గర నూలు పొట్టు ఎగిరేటప్పుడూ గొంతు పట్టేయడం ఈ ప్రాంతంలో ఎవరికైనా తెలిసిందే. బీడీ, గుట్కా, ఖైనీ గురించి వేరే చెప్పాలా. చాలావరకు గొంతు నొప్పులు వైరస్ జలుబులే. పెద్దవారిలో స్ట్రెప్టోకాకస్ అనే బ్యాక్టీరియా వల్ల వచ్చేవి నూటికి 5 నుంచి 15 దాకా మాత్రమే.

పట్టించుకోకుండా వదలకూడని లక్షణాలు కొన్ని ఉన్నాయి. ఉమ్మి కూడా మింగలేకపోవడం, నోరు తెరుచుకోకపోవడం, ఒక పక్కే వాచి విపరీతంగా నొప్పి పెట్టడం అయితే అదే రోజు ఆస్పత్రికి వెళ్ళాలి. గొంతు బొంగురు పోయి మూడు వారాలు దాటినా, మెడలో గడ్డ కరగకపోయినా, ఉమ్మిలో రక్తం కనిపించినా, బరువు తగ్గుతున్నా ఈఎన్‌టీ డాక్టరుకు చూపించాలి. పొగాకు అలవాటున్నవారు మరీను. రెండు వారాలకు మించిన దగ్గు ఉంటే కళ్ళె పరీక్ష చేయించి క్షయ లేదని తేల్చుకోవాలి.

ఎప్పుడు, ఎక్కడ

కలయిక జరిగి ఇంకా 72 గంటలు దాటకపోతే, ప్రమాదం నిజంగా ఉందనిపిస్తే, చేయవలసింది గొంతు చూసుకోవడం కాదు. హెచ్‌ఐవీ రాకుండా 28 రోజులు వాడే మందుల కోర్సు ఉంది, ఎంత తొందరగా మొదలుపెడితే అంత మంచిది. అవసరమా కాదా అన్నది డాక్టరు తేలుస్తారు. 72 గంటలు దాటాక దాంతో ఫలితం ఉండదు.

ల్యాబ్‌లో సిర నుంచి తీసిన రక్తంతో చేసే నాలుగో తరం పరీక్ష 45 రోజులకు నెగెటివ్ వస్తే హెచ్‌ఐవీ లేనట్టే. ర్యాపిడ్ కిట్లతో అయితే 90 రోజులు నిండాక వచ్చిన ఫలితం తుది మాట. మొదటి వారంలోనే చేయించి నెగెటివ్ అని సంబరపడటం, అదే వారంలో నమ్మకం కుదరక మరో మూడుసార్లు చేయించడం రెండూ డబ్బు దండగే. సిఫిలిస్‌కు ఆరు వారాలప్పుడు ఒకసారి, మూడు నెలలప్పుడు ఒకసారి చూసుకుంటే సరిపోతుంది. గొంతులో గనేరియా ఉందా అని చూసే స్వాబ్ పరీక్ష మండల స్థాయిలో దొరకడం కష్టం, హైదరాబాద్ దాకా వెళ్ళాల్సి రావచ్చు.

రామన్నపేటలో ప్రభుత్వ ఆస్పత్రి ఉంది. అక్కడ తెలిసినవారు కనిపిస్తారని జంకేవారు భువనగిరి, నల్గొండ పెద్దాస్పత్రులకు వెళ్ళవచ్చు. నల్గొండలో హెచ్‌ఐవీ మందులిచ్చే ఏఆర్‌టీ కేంద్రం కూడా ఉంది. గొంతు కోసమైతే బీబీనగర్ ఎయిమ్స్, హైదరాబాద్ కోఠిలోని ప్రభుత్వ ఈఎన్‌టీ ఆస్పత్రి ఉన్నాయి. ప్రభుత్వ ఆస్పత్రుల్లో ఉండే ఐసీటీసీ అనే హెచ్‌ఐవీ పరీక్ష, సలహా కేంద్రంలో పైసా తీసుకోరు. కౌన్సిలర్ విడిగా కూర్చోబెట్టి మాట్లాడతారు, ఒప్పుకుంటేనే రక్తం తీస్తారు. మొదటి కిట్‌లో ఏదైనా కనిపిస్తే వేరే రెండు రకాల కిట్లతో సరిచూశాకే ఫలితం చెబుతారు. 2018 సెప్టెంబరు 10 నుంచి అమల్లో ఉన్న హెచ్‌ఐవీ, ఎయిడ్స్ చట్టం ప్రకారం మనిషి సమ్మతి లేకుండా పరీక్షించకూడదు, ఫలితాన్ని బయటపెట్టకూడదు. ఒకవేళ పాజిటివ్ వచ్చినా 2004 నుంచి ప్రభుత్వం మందులు ఉచితంగా ఇస్తోంది. రోజుకొక గోలీతో నిండు ఆయుష్షు బతుకుతున్నవారు ఈ జిల్లాల్లోనూ ఉన్నారు.

ఎవరికీ ముఖం చూపించలేమనుకునేవారు ముందు 1097కు ఫోన్ చేయండి. అది జాతీయ ఎయిడ్స్ హెల్ప్‌లైన్, ఉచితం, పేరు చెప్పనక్కర్లేదు. ఫోన్ చేసేముందు ఆ తేదీ ఒకటి గుర్తు చేసుకుని పెట్టుకోండి, వాళ్ళు మొదట అడిగేది అదే.